జర్మనీ జాజు – మన బ్యాండుమేళము

పరదేశపు పాట చెవిని పడినంత మాత్రముననే జాతి చెడిపోవునని భయపడువారికి మన దేశమున ఏ తరమునందును కొదువ లేదు. మన తాతల నాడు హార్మోనియమును చూచి భయపడిరి. మన తండ్రుల నాడు సినిమాపాటను చూచి భయపడిరి. ఇప్పుడు గిటారును, డ్రమ్మును, శాక్సఫోనును చూచి భయపడుచున్నారు. "పడమటి గోలలు వచ్చి మన సంగీతమును మ్రింగివేయుచున్నవి, ప్రభుత్వమువారు వీనిని కట్టడి చేయవలెను" అని సభలలో పెద్దలు సెలవిచ్చుచున్నారు, శ్రోతలు కరతాళధ్వనులు చేయుచున్నారు. ఆ సభాధ్యక్షులను ఊరి పొలిమేర నుండి వేదిక వరకు తోడుకొని వచ్చినది క్లారినెట్టు, ట్రంపెట్టు, సైడుడ్రమ్ము గల బ్యాండుమేళమే అను సంగతి మాత్రము ఆ వేళ ఎవరికిని తోచదు. మేళమువారు అప్పటికే చెట్టు క్రింద కూర్చుండి టీ త్రాగుచుందురు.

ఈ కట్టడి అను మాట వినుటకు ఇంపుగా ఉండవచ్చును. కాని దానిని నిజముగా అమలు జరిపి చూచిన దేశమొకటి కలదు. అది జర్మనీ. మన నెల్లూరి తీరమునకు జర్మనులు బొత్తిగా క్రొత్తవారును కారు. 1865 ప్రాంతమున హెర్మన్సుబర్గు లూథరను మిషనువారు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపులకు వచ్చి, తెలుగు నేర్చి, బడులు పెట్టి, మొదటి ప్రపంచయుద్ధము వచ్చు వరకు ఇచ్చటనే ఉండిరి. వారు మనకు చెప్పిన పాఠములు వారివి. ఇప్పుడు మేము చెప్పబోవునది జర్మనీ తనకు తాను నేర్చుకొనిన పాఠము. దానిని అది మిక్కిలి హెచ్చు వెల యిచ్చి కొన్నది.

జాజు అననేమో ఎరుగని చదువరులకు రెండు మాటలు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికా దక్షిణభాగమున, న్యూ ఆర్లియన్సు పట్టణములో, బానిసల సంతతివారైన నల్లజాతి ప్రజల నడుమ ఈ సంగీతము పుట్టినది. వాద్యములు ఐరోపావారివి, సైనికుల బ్యాండులలో మ్రోగినవే. ఆ వాద్యములలో ఊదిన ఊపిరి మాత్రము నల్లవారిది. ఒక పల్లవిని తీసికొని, దాని చౌకట్టు చెడకుండ, వాయించువాడు తన మనోధర్మము కొలది అప్పటికప్పుడు అల్లుకొనుచు పోవుట దానికి ప్రాణము. మన కచ్చేరీలలో కల్పనస్వరము, నెరవు, తని ఆవర్తనము విని తల యూచువారికి ఇది అర్థము కానిది కాదు. మరియొక సంగతి: ఆ పట్టణములో శవయాత్రకు బ్యాండు ఉండుట ఆచారము. శ్మశానమునకు పోవునప్పుడు విలంబమున శోకగీతములు, తిరిగి వచ్చునప్పుడు ద్రుతమున ఉల్లాసగీతములు. జాజు పుట్టిన తొట్టెలలో ఆ వీధి ఊరేగింపులొకటి. ఈ మాట చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మరల దీనితో పని యున్నది.

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఈ సంగీతము జర్మనీకి చేరెను. 1928లో ఫ్రాంక్‌ఫర్టు నగరములోని హోఖ్ సంగీతకళాశాలవారు జాజు బోధనకు ఒక తరగతి తెరచిరి. సంగీతకళాశాలలో జాజును పాఠముగా బోధించుట ప్రపంచమున ఇదియే మొదలు. అమెరికాలో సైతము అప్పటికి అట్టిది లేదు. అధ్యక్షుడు బెర్న్‌హార్డు సెక్లెసు, బోధకుడు హంగేరీవాడైన మాట్యాషు సైబరు. తరగతి తెరవబోవుచున్నామని ప్రకటించినంతనే దేశమంతట పండితులు, పత్రికలవారు విరుచుకొనిపడిరి. బాఖ్, బీథోవెన్ పుట్టిన నేలపై నీగ్రోల గోలయా అనిరి. అయిదేండ్లు తరగతి నడచెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదుడైన సెక్లెసును పదవి నుండి తొలగించిరి, తరగతి మూతపడెను, సైబరు దేశము విడిచి ఇంగ్లండు చేరెను.

పత్రికలలో కేకలు వేసిన పండితులందరును నాజీలు కారు. ఈ విషయము మేము గట్టిగా చెప్పదలచితిమి. వారిలో అనేకులు సభ్యులు, సంగీతము తెలిసినవారు, తమ సంప్రదాయముపై నిజమైన ప్రీతి గలవారు. తమ ఇష్టానిష్టములకు రాజదండము తోడైన ఏమగునో వారు ఊహింపలేదు, అంతే. ఏమైనదో చూడుడు. 1935 అక్టోబరులో జర్మను రేడియోలో "నీగ్రో జాజు" సంపూర్ణముగా నిషిద్ధమయ్యెను. 1938లో డ్యూసెల్డార్ఫు నగరమున "భ్రష్టసంగీత" ప్రదర్శన మొకటి పెట్టిరి. దాని ప్రకటనాపత్రముపై శాక్సఫోను ఊదుచున్న నల్లవాని వికృతచిత్రము, వాని రొమ్మున యూదుల నక్షత్రము! రెండు జాతులను ఒక్క బొమ్మలో అవమానించిరి. హాంబర్గులో ఈ సంగీతమునకు నాట్యమాడిన బడిపిల్లలను పట్టి నిర్బంధశిబిరములకు పంపవలెనని 1942 జనవరిలో హిమ్లరు స్వయముగా ఉత్తరువు వ్రాసెను. బడిపిల్లలు! పదునాఱు పదునేడేండ్ల వారు! ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఈ వాక్యము వ్రాయునప్పుడు చేయి ఆగినది.

ఇంతయు చేసినవారే, తమ అబద్ధములను ఆంగ్లేయుల చెవిని వేయుటకు ప్రచారశాఖవారి చేత ఒక జాజుబృందమును పెట్టించి, విదేశప్రసారములలో వాయింపజేసిరి. శత్రువు చెవికి ఇంపైనది తన బిడ్డకు విషమట! కట్టడి చేయువారి నీతి ఎప్పుడును ఇట్లే యుండును.

కోకో షూమన్ అను బెర్లిను యువకుని చరిత్ర ఇచ్చట చెప్పక తప్పదు. తల్లి వంక యూదుడు, గిటారువాద్యకుడు. 1943లో అతనిని పట్టి థెరీసియెన్‌స్టాడ్టు శిబిరమునకు పంపిరి. అచ్చటి బందీలైన వాద్యకులు కూడి "ఘెట్టో స్వింగర్సు" అను మేళము కట్టుకొనియుండిరి. అతడు అందులో డ్రమ్ములు వాయించెను. పిదప ఆష్విట్సు. అచ్చట శిబిరాధికారుల వినోదమునకు వాయించుచు ప్రాణము నిలుపుకొనెను. యుద్ధము ముగిసిన వెనుక బెర్లినునకు మరలి వచ్చి మరల గిటారు పట్టెను. 2018లో, తొంబది మూడేండ్ల వయస్సున, ఆ నగరములోనే కన్నుమూసెను. చెఱలోను జాజు వాయించినవాడు, చెఱ పెట్టిన దేశమునకే దానిని తిరిగి తెచ్చి యిచ్చెను.

ఫ్రాంక్‌ఫర్టులో మరికొందరు 1941 నుండియే చాటుగా "హాట్ క్లబ్బు" అను పేర కూడి వాయించుకొనుచుండిరి. కార్లో బోలెండరు, ఎమిల్ మాంగెల్స్‌డార్ఫు వారిలో ముఖ్యులు. ఎమిల్ రహస్యపోలీసుల చేత చిక్కి, రష్యా రణరంగమునకు పంపబడి, అచ్చటి ఖైదు నుండి 1949లో గాని ఇల్లు చేరలేదు. అన్న వాయించు పాటలు విని పెరిగిన తమ్ముడు ఆల్బర్టు తరువాత ఐరోపాలో పేరెన్నికగన్న ట్రాంబోను విద్వాంసుడయ్యెను.

1945లో యుద్ధము ముగిసెను. పట్టణములు బూడిద, కడుపులు ఖాళీ. అమెరికా సైనికుల కొఱకు పెట్టిన రేడియోలో జాజు రాత్రింబగళ్లు మ్రోగెను. సైనికుల విడుదులలో వాయించుటకు జర్మను వాద్యకులకు పని దొరకెను. కూలి సిగరెట్లు, రొట్టె. బాంబులకు కూలని నేలమాళిగలలో కూటములు వెలసెను. 1952లో బోలెండరు ఫ్రాంక్‌ఫర్టులో తెరచిన నేలమాళిగ అట్టిదే. మరుసటి యేట ఆ నగరముననే జర్మను జాజు ఉత్సవము మొదలయ్యెను. అదే 1953లో యోఆఖిం ఎర్న్‌స్టు బెరెండ్టు జాజుపై ఒక గ్రంథము ప్రకటించెను. అది అనేకభాషలలోనికి మారి, లోకమున ఈ విషయమును గూర్చి మిక్కిలి ప్రచారము పొందిన పుస్తకములలో ఒకటి యయ్యెను. ఈ బెరెండ్టు తండ్రి క్రైస్తవ పురోహితుడు. నాజీలను ఎదిరించి డాఖౌ శిబిరములో చనిపోయినవాడు. కుమారుడు యుద్ధము ముగిసిన యేటనే బాడెన్ బాడెను రేడియోలో చేరి, నలుబదియేండ్లకు పైగా ఆ వేదిక నుండి జాజును జనులకు వినిపించెను. తండ్రిని చంపినవారు నిషేధించిన సంగీతమును కుమారుడు రేడియో జీతముపై జాతికి వినిపించుట ఎంత చక్కని ఋణవిమోచనము!

మొదట వీరు చేసినది అనుకరణమే. అమెరికా పళ్లెములు విని ఉన్నదున్నట్లు వాయించిరి. అది చూచి నవ్వినవారు ఉండిరి. పియానోవాద్యకురాలు యూటా హిప్పు వంటివారు ఇచ్చట తృప్తి లేక 1955లో న్యూయార్కునకు పోయిరి. కాని పదునైదేండ్లు గడచుసరికి అనుకరణము సొంత పలుకుగా మారెను. 1964లో ఆల్బర్టు మాంగెల్స్‌డార్ఫు బృందము ఆసియా యాత్ర చేసి, ఇచ్చటి బాణీలను తమ వాద్యములకు ఎక్కించుకొని, ఒక పళ్లెము వెలువరించెను. అందులో మన రవిశంకరుని బాణీపై అల్లినదొకటి కలదు. ఆ యేటనే బెరెండ్టు పూనికతో బెర్లిను జాజు ఉత్సవము మొదలయ్యెను. దాని కార్యక్రమపుస్తకమునకు మార్టిన్ లూథరు కింగు పీఠిక వ్రాసి పంపెను. 1968లో పీటరు బ్రోట్స్‌మన్ అనునతడు ఎనమండుగురితో చేసిన వాద్యఘోష వినినవారికి చెవులు చిల్లులు పడెను. మా చెవులకును అది హితము గాదు, దాచుట యెందులకు? అయినను అది అమెరికావానిని చూచి వ్రాసిన కాపీ కాదని పామరుడైనను చెప్పగలడు. 1969లో మ్యూనికు నగరమున మాన్‌ఫ్రెడు ఐఖరు స్థాపించిన ఇ.సి.ఎం. పళ్లెముల సంస్థ లోకమంతట జాజు వినికిడినే మార్చివేసెను.

మరి బాఖ్, బీథోవెన్ ఏమైరి? ఏమియు కాలేదు. నేటికిని జర్మనీలో వారి కృతులు విను జనము తగ్గలేదు. పండితులు భయపడిన ప్రళయము రాలేదు. వచ్చిన ప్రళయము నిషేధించినవారి వలన వచ్చినది.

ఇంత చెప్పినందున జర్మనులు పునీతులైరని మా అభిప్రాయము కాదు. నల్లవాని శాక్సఫోనును నేలమాళిగలో విని పరవశించిన నగరములలోనే, నల్ల సైనికులకు జర్మను స్త్రీల యందు పుట్టిన బిడ్డలు బడులలో, వీధులలో ఎన్నో అవమానములు పడిరి. పాట కావలెను, పాడినవాని పోలిక గల బిడ్డ మాత్రము వద్దు! తూర్పు జర్మనీవారు మరియొక విధమున తప్పు చేసిరి. జాజు అమెరికా సామ్రాజ్యవాదుల మాయ యని అనుమానించి, దానిని గూర్చి ఉపన్యసించుచుండిన రెజినాల్డు రుడార్ఫును 1957లో చెఱలో వేసిరి. ఎనిమిదేండ్లు తిరుగకముందే, 1965లో, లూయీ ఆర్మ్‌స్ట్రాంగును తామే పిలిచి సన్మానించిరి. అందుచేత మేము జర్మనీని తూకపురాయిగా పెట్టుట లేదు. ఒక సంగీతమును ఆదరించుట అననేమి, దాని కర్తను ఆదరించుట అననేమి, ఈ రెండింటికి నడుమ ఎంత దూరమున్నదో కనుగొనుటకు ఆ దేశచరిత్ర అక్కరకు వచ్చును. ఇక మన ఇంటిని చూచుకొందము.

1983లో ఆ బెర్లిను జాజు ఉత్సవమున ఒక తెలుగు బాలుడు వాయించెను. వయస్సు పదునాలుగు. చేతిలో విద్యుత్తు మాండలిను. ఊరు పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లు. పేరు ఉప్పలపు శ్రీనివాసు. వాయించినది కర్ణాటక సంగీతము. జాజు వినవచ్చిన జర్మనులు ఆ రాగములు విని, ఇంకను వాయింపుమని కోరి కోరి నిలిపిరి. ఈ కథ మన పత్రికలలో నూఱుసార్లు వచ్చినది. తెలుగువాడను ప్రతివాడును దానిని చెప్పుకొని రొమ్ము విరుచుకొన్నాడు. 2014 సెప్టెంబరులో, నలుబది యైదేండ్లకే ఆయన చనిపోయినప్పుడు మరల ఒకసారి చెప్పుకొన్నాము.

ఆ కథలో మనము త్వరత్వరగా దాటిపోవు వాక్యమొకటి కలదు. శ్రీనివాసు తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాద్యకులు. ఆ యింట ఉన్న మాండలినును బాలుడు ఆఱేండ్ల ప్రాయమున చేపట్టెను. రుద్రరాజు సుబ్బరాజుగారు గురువులు. ఆయనకు మాండలిను వాయించుట రాదు. కృతిని నోట పాడి వినిపించిన, శిష్యుడు తీగపై పట్టుకొనెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవములలో తొలి కచ్చేరి. మద్రాసు పండితులలో కొందఱు, పడమటి వాద్యముపై, అందునను విద్యుత్తు తగిలించి, గమకములు పలుకునా యని పెదవి విరిచిరి. పలికెను. పలికిన పిమ్మట పద్మశ్రీ, పిదప సంగీత నాటక అకాడెమీ పురస్కారము వచ్చెను.

పెరటిచెట్టు మందునకు రాదను సామెత మనకు ఊరక పుట్టలేదు. బెర్లినువాడు తల యూచిన పిదప మన తల ఊగెను. తండ్రి క్లారినెట్టునకు మనమెన్నడైన తల యూచితిమా? క్లారినెట్టువాని కొడుకు లోకప్రసిద్ధుడైనందున మన ఊరి క్లారినెట్టువానికి ఒక్క అంగుళమైన మర్యాద పెరిగినదా? ఈ ప్రశ్న కొఱకే ఇంతదూరము వచ్చితిమి.

పడమటి వాద్యములకు మన సంగీతమున చోటు లేదనువారు తమ చరిత్రను తామే ఎరుగరు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు రెండువందల యేండ్ల క్రిందటనే వయొలినును మన వాద్యముగా చేసెను. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో అది ఎవరి వాద్యమో చెప్పుమన్న ఎవరు చెప్పగలరు? విజయనగరపు సంగీతకళాశాల గోడలను అడుగుడు. హార్మోనియముపై మాత్రము 1940లో ఆకాశవాణి వేటు వేసెను. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. ముప్పదియేండ్లు! ఆ ముప్పదియేండ్లును తెలుగునాట పద్యనాటకము హార్మోనియము లేక ఒక్క రాత్రియైన నడచినదా? పామరులు తెల్లవార్లు విని ఒన్సుమోరు కొట్టిన వాద్యము రేడియో గడపలో అంటరానిదై నిలిచెను. 1952లో కేంద్రమంత్రి కేస్కరుగారు సినిమాపాటను ఆకాశవాణి నుండి తరుముటకు పూనుకొనిరి. జనులు సింహళపు రేడియోకు మరలిరి. మన తీరమునకు సముద్రమునకు ఆవలివాని గాలి చక్కగా తగులును గదా! 1957లో ప్రభుత్వమే విధిలేక వివిధభారతి తెరచెను. మన నిషేధములను నాజీల క్రూరత్వముతో పోల్చుట అన్యాయము. మేము పోల్చుట లేదు. ఇక్కడ ఎవరిని చెఱ పెట్టలేదు, చంపలేదు. కాని రుచిని శాసనము చేయబోయిన ప్రతివాడును జనుల చెవిని పొరుగువానికి అప్పగించునను సంగతి రెండుచోట్లను ఒక్కటే.

మన దేశమున అసలు నిషేధము ఉత్తరువుల వలన వచ్చినది కాదు. అది పంక్తిభోజనమున ఉన్నది.

నెల్లూరు నుండి మైపాడు వరకును, కావలి నుండి రామాయపట్టణము వరకును, ఏ ఊరిలోనైనను పెండ్లి యనిన సన్నాయిమేళము, బ్యాండుమేళము ఉండవలసినదే. సన్నాయిది పందిటి లోపలి చోటు. తాళికట్టు వేళ గట్టిమేళము దానిదే. బ్యాండుది వీధి. ఊరేగింపు వారిది, పట్టపుపాలెములలో గంగమ్మ జాతర వారిది, శవము వెంట నడచుట వారిది. ఎఱ్ఱకోటు, జరీపట్టీ, ఎండకు వెలిసిన టోపీ. క్లారినెట్టువాడు ముందు పల్లవి ఎత్తుకొనును, ట్రంపెట్టువాడు అందుకొనును, పెద్దడ్రమ్మువాడు అడుగు వేయించును. కాగితముపై స్వరము వ్రాసికొని వాయించువారిని మేము చూడలేదు. నిన్న విడుదలైన సినిమాపాటను రెండుమార్లు విని నేడు వీధిలో వాయింతురు. నడుమ చరణము మఱచిన, క్లారినెట్టువాడు ఏదో ఒక రాగచ్ఛాయను పట్టుకొని, నాలుగు సందులు తిరిగి, మరల పల్లవికి వచ్చి పడును. ఆ నాలుగు సందుల తిరుగుడే జాజువారు ప్రాణముగా చెప్పుకొనునది. ముందు మేము చెప్పిన న్యూ ఆర్లియన్సు శవయాత్రను ఇప్పుడు స్మరింపుడు. ఆ వీధిలోని ఊదువాడు లోకపు సంగీతమునకు మూలపురుషుడయ్యెను. ఈ వీధిలోని ఊదువాడు బేరములో తుదిగా మిగిలిన చిల్లరకు తగినవాడు!

ఈ మేళములలో హెచ్చుమంది మాల మాదిగ కుటుంబములవారు, మంగలివారు, దూదేకులవారు. ఇది కాకతాళీయము కాదు. ఊదుట అనిన నోటితో తాకుట. ఎంగిలి యను భావము మన బుఱ్ఱలలో ఎంత లోతుగా దిగినదో అందరికి తెలియును. తోలుతో చేసిన వాద్యమును తాకువాడు ఎవరో కూడ తెలియును. చావునకు డప్పు కొట్టువానిని పెండ్లికి దూరముగా ఉంచిరి. వాని కొడుకు డప్పు దించి సైడుడ్రమ్ము తగిలించుకొనిన, ఆ దూరము డ్రమ్మునకును అంటుకొనినది. శవము ముందు, వరుని ముందు ఒకే మేళము నడచుచున్నను, భోజనము వేళకు మాత్రము మేళము మాయమగును. పందిరి వెనుక, గంగాళములు కడుగు చోట, చివరి పంక్తి లేచిన పిదప, అన్నము ప్లాస్టికు సంచులలో కట్టి యిచ్చు ఇండ్లు మేమెరుగుదుము. ఆ ఇండ్లవారు మంచివారే. రొట్టెల పండుగనాడు స్వర్ణాలచెరువు నీటిలో నిలిచి, ముసల్మాను సోదరుని చేతి రొట్టెను కన్నులకద్దుకొని తినువారే. అంత ఔదార్యము గలవారికి క్లారినెట్టువాని విస్తరి ఒక్కటి ఎందుకు కంటగింపైనదో మాకు బోధపడకున్నది.

మా తరగతిలో ఒక బాలుడుండెడివాడు. మాఘ ఫాల్గుణములలో, మరల వైశాఖములో బడికి రాడు. కారణమడిగిన తలవంచుకొని, జ్వరమనెడివాడు. ముహూర్తములను పట్టి వచ్చు జ్వరమిదేమి యని ఒకనాడు చేరదీసి అడిగితిమి. "మా నాయన మేళానికి పొయ్యుండాడు సార్. నేను గూడా పోతాను, డ్రమ్ము మోసేదానికి" అనెను. పిదప మెల్లగా, "పిల్లకాయలకు చెప్పబాకండి సార్" అనెను. ఆ రెండవ మాటను మేము ఇంతవరకు మఱువలేదు. తండ్రి విద్యను చెప్పుకొనుటకు బాలుడు సిగ్గుపడుచున్నాడు. జర్మను బాలుడు జాజును దాచుకొనినది పోలీసుకు భయపడి. మన బాలుడు క్లారినెట్టును దాచుకొనినది తోటిపిల్లలకు భయపడి. ఇందులో ఏది హెచ్చు అవమానమో చదువరులే నిర్ణయింతురు గాక.

సన్నాయి సంగతియు చూడుడు. ఒంగోలు చెంత కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు ఇస్లాము మతస్థులు. త్యాగరాజకృతులను నాగస్వరమున పలికించుటలో అసమానులు. తమిళదేశమున శ్రీరంగమునకు పోయి, రంగనాథుని నీడలో నివసించిరి. 1998లో మద్రాసు సంగీత అకాడెమీవారు ఆయనకు సంగీతకళానిధి బిరుదము నిచ్చిరి. ఆయనను ఎత్తుకొని గౌరవించినది కావేరీతీరము. కన్న గుండ్లకమ్మ సీమ ఆయనను ఎంత ఆలస్యముగా గుర్తించినదో తలచుకొనిన సిగ్గగును. ఇట్టి విద్వాంసుడు మరల ఈ తీరమున పుట్టిన, మనము ఆయనకు మరియొక బస్సు టికెట్టు కొనిపెట్టుటకు మాత్రమే సిద్ధముగా ఉన్నాము.

కొందఱు చదువరులు ఇచ్చట అడ్డుచెప్పగలరు. బ్యాండువారు సినిమాపాటలను అపస్వరములతో వాయింతురు గదా, త్రాగి వత్తురు గదా, దానిని కళ యనుట ఎట్లని. అపస్వరము నిజమే. పదివేల రూపాయలకు పండ్రెండుమందిని ఆఱు గంటలు ఎండలో నడిపించి శుద్ధస్వరము కోరుట మన తెలివి. వారి క్లారినెట్టుల మీటలు రబ్బరుపట్టీలతో కట్టియుండును. మరమ్మతు చేయువాడు మద్రాసులో గాని దొరకడు. గురువు లేడు, పాఠశాల లేదు, వినువాడు లేడు; ఉన్నదంతయు బేరమాడువాడు. 1945లో రొట్టెముక్కకు వాయించిన జర్మనుల అపస్వరములు ఇంతకు తక్కువైనవని మాకు తోచదు. వారికి పిమ్మట నేలమాళిగ దొరకెను, రేడియో దొరకెను, నెలజీతముపై పెద్ద వాద్యబృందములు దొరకెను, ఉత్సవము దొరకెను. వినుటకు కూర్చుండు జనము దొరకెను. కూర్చుండి వినుట అను ఒక్క పని ఒక సంగీతమునకు ఎంత చేయునో మనకు తెలియదు. మనము బ్యాండును ఎన్నడును కూర్చుండి వినలేదు.

త్రాగుడు సంగతి యందురా? ఊరేగింపు ముందు నాట్యమాడు వరుని స్నేహితులను ముందు పరీక్షింపుడు.

ఇప్పుడు ఈ మేళములకు క్రొత్త శత్రువు దాపురించెను. లారీపై ఇంటియెత్తు పెట్టెలు పేర్చి, ఒక్క కుఱ్ఱవాడు మీట నొక్కిన ఊరంతయు అదరునట్లు మ్రోగు డీజే. దానికి పంక్తి అక్కరలేదు, అన్నము అక్కరలేదు, కులము లేదు. మన పెద్దలకు అది సుఖముగా తోచినందున ఆశ్చర్యము లేదు. సంస్కృతిరక్షణ సభలలో గిటారును తిట్టువారి ఇంటి పెండ్లిలోనే ఈ పెట్టెలు మ్రోగుట మేము చూచితిమి. మేళమున ఉన్న పండ్రెండు కుటుంబములలో ఎనిమిది, ఆటోలకో, కృష్ణపట్టణము రేవు కూలికో, రొయ్యలగుంటల కావలికో పోవుచున్నవి. ట్రంపెట్టు అటకెక్కుచున్నది. పరదేశసంగీతము మన సంగీతమును మ్రింగుచున్నదని ఏడ్చువారు, తమ కండ్లయెదుట తమ వీధి సంగీతమును తామే మ్రింగుట గమనింపరు.

మేము కోరునది పెద్ద కోర్కె కాదు. ప్రభుత్వ సంగీతపాఠశాలలలో నాగస్వరమునకు, డోలునకు పీట వేసినట్లే క్లారినెట్టునకును, ట్రంపెట్టునకును, డప్పునకును పీట వేయవలెను. బోధించుటకు ఆ మేళములలోని పెద్దలనే పిలువవలెను, పట్టా అడుగరాదు. మాండలిను రాని గురువు మాండలిను శ్రీనివాసును తయారు చేసిన దేశములో పట్టా లేని గురువునకు వెఱచుట హాస్యాస్పదము. ఊరి గ్రంథాలయములలో, సాహిత్యసభలలో ఏడాదికొకమారైన బ్యాండువారిని వేదికనెక్కించి, కుర్చీలు వేసి, నోరు మూసికొని వినవలెను. సినిమాపాట వద్దు, మీకు తోచినది వాయింపుడు అని వారిని అడిగి చూడుడు. వారు మొదట నమ్మరు.

ఈ రెండింటికిని ధనము, అనుమతులు, కాగితములు కావలెను, ఆలస్యమగును. మూడవదానికి ఏమియు అక్కరలేదు. మేళమువారిని పంక్తిలో కూర్చుండబెట్టుట. వచ్చు మాఘములో మా వీధిలో మూడు వివాహములున్నవి. మూడిండ్లకును పోయి ఈ మాట అడిగితిమి. ఒక ఇంటివారు సరే యనిరి. రెండవ ఇంటివారు వియ్యాలవారిని అడిగి చెప్పెదమనిరి. మూడవవారు డీజే మాటాడుకొంటిమి, ఇక ఆ చిక్కు లేదు మాస్టారూ అనిరి.